సముద్రం బాగాలేదు అన్న మాట

ఈ మధ్య మా ఇంటికి పిల్లలు వస్తున్నారు. చేవెళ్లలో డిగ్రీ చేసినవాళ్లు, మొయినాబాద్ చుట్టూ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివి ఉద్యోగం దొరకనివాళ్లు. టూర్ మేనేజర్ పని ఎట్లా ఉంటుందో చెప్పమంటారు. "ఊర్లు తిరుగుడే గద అంకుల్, మస్తుంటది" అని వాళ్లే మళ్లీ జవాబు కూడా చెప్పేస్తారు.

తిరిగిన మాట నిజమే. తాజ్‌మహల్ ముందు నేను చాలాసార్లు నిలబడ్డాను. ప్రతిసారీ వీపు దాని వైపు, ముఖం మనవాళ్ల వైపు. తలలు లెక్కపెడుతూ. ఒక తల తక్కువైతే ఆ మనిషి బాత్రూంలో ఉన్నాడా, బజ్జీల బండి దగ్గర ఉన్నాడా, అలిగి కూర్చున్నాడా అని వెతుక్కుంటూ. ఈ పనిలో చూడాల్సింది ఊళ్లను కాదు, మనుషులను. అది నచ్చకపోతే ఇప్పుడే వేరే దారి చూసుకోండి.

ఎప్పుడు చేరాను, జీతం ఎట్లా పెరిగింది, ఎవరు శాలువా కప్పారు, ఇవేవీ రాయను. ఒక ద్వీపం గురించి, అక్కడి నుంచి ఒక తల్లిని ఇంటికి తీసుకొచ్చిన ప్రయాణం గురించి రాస్తాను. మిగతాదంతా మీరు పని చేస్తూ నేర్చుకుంటారు. ఇది మాత్రం చేసి నేర్చుకోవద్దు.

విమానం దిగితే వచ్చేసినట్టు కాదు

మా ఆఫీసు మొయినాబాద్‌లో మెయిన్ రోడ్డు మీద, టైర్ల షాపు పక్కన ఉండేది. యజమాని మాణిక్ రెడ్డి. మొదట్లో కాశీకి, షిరిడీకి బస్సులు నడిపాం. భూముల ధరలు పెరిగి, ఎకరం రెండెకరాలు ఫాంహౌసులకు అమ్ముకున్న కుటుంబాలు వచ్చి విమానం ఎక్కించమన్నాయి. శంషాబాద్ మనకు పక్కనే. తలల మీద నుంచి రోజూ పోయే విమానంలో ఒక్కసారి కూర్చోవాలన్న కోరిక ఎవరికైనా ఉంటుంది. మాణిక్ రెడ్డి అండమాన్ పెట్టాడు. దేశం దాటకుండానే సముద్రం దాటినట్టు ఉంటుందని ఆయన లెక్క.

మనవాళ్లకు అర్థం కానిది ఒక్కటే. పోర్ట్ బ్లెయిర్‌లో విమానం దిగగానే ప్రయాణం అయిపోయిందనుకుంటారు. అసలు ప్రయాణం అక్కడే మొదలు. సామాన్లు తీసుకుని బయటికి రావాలి, టాక్సీల్లో పడవల రేవుకు పోవాలి, అక్కడ మళ్లీ సామాన్ల తనిఖీ, గుర్తింపు కార్డుల తనిఖీ. తర్వాత బోటు. బోటులో ఇద్దరు ముగ్గురికి వాంతులు. దిగాక మళ్లీ జీపు. అప్పుడు హావ్‌లాక్ ద్వీపంలో రిసార్టు. ఒకసారి చిల్కూరు నుంచి వచ్చిన పెద్దమనిషి రేవులో బోటును చూసి ఆగిపోయాడు.

"ఇదేంది యాదగిరీ, మల్ల ఎక్కుడా? విమానం పైసలు తీసుకున్నవ్ గద!"

"విమానం ఇంతవరకేనే పెద్దనాయనా. ఆడికి పడవనే."

"బస్సు లేదా?"

"నడుమల సముద్రమున్నది."

"ఉంటే? వంతెన కట్టలేదా ఇన్నేండ్లు?" అని ఆయన సర్కారును తిట్టుకుంటూ ఎక్కాడు.

అందుకే నేను రెండు అలవాట్లు చేసుకున్నాను. ఒకటి, అందరి ఆధార్ కార్డులూ నా నడుముకు కట్టుకున్న సంచిలోనే. విమానానికి, బోటుకు అవి లేకపోతే మనిషి కదలడు, మనవాళ్లేమో వాటిని అన్నం తిన్న చోట మరచిపోతారు. రెండు, మెడలో ట్యాగు. పసుపు రంగు తాడుకు ప్లాస్టిక్ బిళ్ల, దాని మీద మనిషి పేరు, మా ఆఫీసు ఫోన్ నంబరు. ఎవరు తప్పిపోయినా ఆ నంబరుకు చేస్తే చాలు. ఇంటి దగ్గర ఉన్నవాళ్లకు కూడా అదే నంబరు ఇచ్చేవాళ్లం. ట్యాగు నా సొంత ఆలోచన. చాలాకాలం దాని గురించి గొప్పగా చెప్పుకున్నాను.

ఆడలేక మద్దెల ఓడు

ఇక ఈ వ్యాపారంలో చెప్పే అబద్ధం గురించి.

ఒకసారి ఆఫీసులో బోటు టికెట్లు తప్పు తేదీకి చేశారు. రేవులో ముప్పై మందితో నిలబడ్డాను. పిల్లలు ఏడుస్తున్నారు, ముసలివాళ్లు సంచుల మీద కూలబడ్డారు. మాణిక్ రెడ్డికి ఫోన్ చేస్తే ఆయన కొంచెం కూడా కంగారు పడలేదు.

"సముద్రం బాగలేదని చెప్పు."

"ఎండ కొడ్తున్నది సార్. నీళ్లు కదులుత లేవు."

"ఎహే, మనోళ్లకు సముద్రం సంగతి ఏం ఎరుకనయ్యా? లోపల తుఫానున్నదని చెప్పు. పైకి కనవడదను."

చెప్పాను. నమ్మారు. నమ్మడమే కాదు, ఒక పెద్దావిడ సముద్రం వైపు తిరిగి దండం పెట్టింది. తిరిగొచ్చాక ఆ కుటుంబం వాళ్లు మా ఆఫీసుకు స్వీట్ల డబ్బా పట్టుకొచ్చి, ప్రాణాలు కాపాడారని చెప్పి పోయారు. మాణిక్ రెడ్డి ఆ డబ్బా విప్పి నా ముందు పెట్టి కడుపు పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను.

అప్పటి నుంచి ఆ మాట మా ఆఫీసులో పాతుకుపోయింది. టికెట్ దొరకకపోతే సముద్రం బాగాలేదు. రిసార్టులో గదులు ఖాళీ లేకపోతే సముద్రం బాగాలేదు. ఫోన్ ఎత్తే అమ్మాయికి కూడా అదే నేర్పారు. చెరువులు, గండిపేట తప్ప నీళ్లు చూడని ప్రాంతం మాది. సముద్రం పేరు చెబితే ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు, పైగా భయపడతారు. డబ్బు గురించి అబద్ధం చెబితే పట్టుకునేవాళ్లు దేవుడి లాంటి దాని మీద అబద్ధం చెబితే చేతులు జోడిస్తారు. అది అబద్ధమని మాకు అనిపించడం కూడా మానేసింది.

క్యాంపు

మా చుట్టుపక్కల మండలాల్లో ఒకదానిలో మండల పరిషత్ అధ్యక్షుడి మీద అవిశ్వాసం పెట్టారు. మండలం పేరు రాయను. అవిశ్వాసం పెడితే క్యాంపు తప్పదని మీకు తెలుసు. నోటీసు ఇచ్చిన రోజు నుంచి చేతులెత్తే రోజు దాకా సభ్యులను అవతలివాళ్లకు దొరకకుండా దాచాలి. పెట్టినవాడు భూపాల్ రెడ్డి. పాత భూస్వామి కుటుంబం, మాణిక్ రెడ్డికి దగ్గరి చుట్టం. మొదట తన సభ్యులను కనకమామిడిలో ఒక ఫాంహౌసులో ఉంచాడు. అవతలివాళ్లు గేటు దగ్గరికే కార్లు వేసుకొచ్చారు. గోవాకు పంపుదామంటే, ఇంతకు ముందు ఒక క్యాంపులో గోవా హోటల్ నుంచే ఇద్దరిని ఎత్తుకుపోయారు. తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడుంటాడు.

"కారు పోని జాగ చెప్పు యాదగిరీ" అన్నాడు భూపాల్ రెడ్డి.

అట్లా క్యాంపు హావ్‌లాక్ చేరింది. ఒక్క ఎయిర్‌పోర్టు, ఒక్క రేవు. వచ్చేవాడు ఎవడైనా ముందే తెలుస్తాడు. పోయేవాడు కూడా.

ఇటువంటి గ్రూపును నేను అంతకు ముందు తీసుకుపోలేదు. అందరికీ పసుపు టోపీలు, పసుపు ట్యాగులు, కొబ్బరి నీళ్లు, చేపల వేపుడు. పైకి విహారయాత్ర. రిసార్టులో దిగగానే భూపాల్ రెడ్డి మనిషి అందరి ఫోన్లూ ఒక సంచిలో వేసుకున్నాడు. సాయంత్రం ఒక్కొక్కరికి కాసేపు ఇచ్చేవాడు. స్పీకర్ పెట్టి, అందరి ముందు మాట్లాడాలి.

సభ్యుల్లో సుగుణమ్మ ఒకరు. నలభై దాటిన మనిషి. భర్త పోయి చాలా ఏళ్లయింది. బోరు ఎండి చేను బీడు పడినప్పుడు కొత్త బోరు వేయించింది భూపాల్ రెడ్డే. మహిళా సీటు వస్తే నిలబెట్టిందీ ఆయనే. అందుకే రమ్మంటే కాదనలేకపోయింది. ఇంటి దగ్గర కూతురు అనూష కడుపుతో ఉంది. మొదటి కాన్పు పుట్టింట్లో చేయాలి కదా, ఏడో నెలలోనే తీసుకొచ్చి పెట్టుకుంది. ఇంకా నెల సమయం ఉందని డాక్టరమ్మ చెప్పడంతో తన అక్కను తోడు పెట్టి బయలుదేరింది. ఎయిర్‌పోర్టులో, బోటులో, ఆమె నన్ను అడిగినది ఒక్కటే. "అన్న, అవసరం వడితే ఎంత సేపట్ల పోవచ్చు ఇంటికి?"

"ఒక్కనాడు చెల్లె. ఎక్కువంటే మల్లనాటి మధ్యాహ్నం."

ఆ మాట పట్టుకునే ఆమె అక్కడ ఉంది.

ఒక సాయంత్రం నేను పక్కనే ఉండగా ఆమె వంతు వచ్చింది. స్పీకర్‌లో పిల్ల గొంతు.

"కాళ్లు మస్తు ఉబ్బినయ్ అమ్మా. తల నొస్తున్నది. కండ్లు మసక మసక అయితున్నయ్."

"కాళ్లు ఉబ్బుడు మామూలే బిడ్డా. ఉప్పు తక్వ తిను. పెద్దమ్మను తీస్కొని రేపు దవాఖానకు పో. పోతవా?"

"పోత. నువ్వెప్పుడొస్తవ్?"

ఆమె జవాబు చెప్పేలోపు భూపాల్ రెడ్డి మనిషి చెయ్యి చాచాడు, అవతల ఇంకా చాలామంది ఉన్నారని. ఆమె ఫోన్ ఇచ్చేసింది.

ఫోన్

మర్నాడు పొద్దున టిఫిన్ల వేళకు మాణిక్ రెడ్డి నుంచి ఫోన్ వచ్చింది.

"సుగుణమ్మ బిడ్డకు ఫిట్స్ వచ్చినయట. చేవెళ్ల దవాఖానల చేతగాదంటే సిటీకి తీస్కపోయిండ్రు. భూపాలన్నకు ఎరుకే. ఆమెకు చెప్పొద్దన్నడు. ఓటయ్యేదాక నువ్వు గూడ ఊకో."

నేను ఊరుకోలేదు. భోజనాల హాల్లో భూపాల్ రెడ్డి ఒక్కడే కూర్చుని టీ తాగుతున్నాడు. మిగతావాళ్లు లైఫ్ జాకెట్లు వేసుకుని నీళ్లలో కేరింతలు కొడుతున్నారు.

"భూపాలన్నా, ఆమెకు చెప్పాలె. మధ్యాహ్నం బోటున్నది. రేప్పొద్దున ఫ్లైటున్నది."

"చెప్పి? ఆమె డాక్టరా? దవాఖానల డాక్టర్లున్నరు, అల్లుడున్నడు. మా పోరగాండ్లను గూడ పంపిన. రక్తం కావాలంటే ఇచ్చిండ్రు. ఖర్చు ఫికర్ లేదు, నేను వెట్టుకుంటున్న."

"తల్లి గదన్నా."

"అరే, నాకు ఆడపిల్లలు లేరా? ఆమె ఒక్క చెయ్యి తక్వైతే మొత్తం కూలుతది యాదగిరీ. ఆమె శంషాబాద్‌ల దిగుతే చాలు, ఆళ్లు కారు తెచ్చి నిలవెడ్తరు. ఇంక నాలుగు దినాలు. నాలుగు దినాలల్ల పిల్ల గూడ మంచిగైతది, నేనే తీస్కపోయి దింపుత." కప్పు కింద పెట్టాడు. "ఆ కార్డుల సంచి జర నాకియ్యి."

"కార్డులు నా జిమ్మ అన్నా. మేనేజర్ దగ్గర్నే ఉండాలె."

ఆయన రాక్షసుడని మీరు అనుకుంటే నేను సరిగా రాయలేదన్నమాట. ఆసుపత్రికి మనుషులను పంపింది ఆయనే, రక్తం ఇప్పించింది ఆయనే. తాను మంచే చేస్తున్నానని నిజంగా నమ్మాడు. మీకు ఈ పనిలో ఎదురయ్యేవాళ్లు ఎక్కువగా ఇటువంటివాళ్లే. వీళ్లతోనే కష్టం.

పైగా ఇక్కడే చెప్పేస్తాను. ఆ అవిశ్వాసం నెగ్గింది. సుగుణమ్మ లేకుండానే నెగ్గింది. కావలసినదానికంటే ఇద్దరు ఎక్కువే చేతులెత్తారట.

సుగుణమ్మ ఒడ్డున చెట్టు కింద, సముద్రానికి వీపు పెట్టి కూర్చుని పల్లీలు ఒలుచుకుంటోంది. నేను ఎదురుగా కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఫిట్స్ అన్న మాట కూడా దాచలేదు. ఆమె ఏడవలేదు. ఒళ్లో ఉన్న పొట్టు దులుపుకుని లేచింది.

"బస్సు ఎన్నింటికన్న?"

"బస్సు గాదు చెల్లె. బోటు."

"ఆ. అదే."

తిరుగు ప్రయాణం

ఫోన్ల సంచి ఉన్న మనిషి బజారుకు పోయాడు. అతని కోసం చూస్తే బోటు పోతుంది. ఆమె ఫోన్ వదిలేసి బయలుదేరాం. క్యాంపును రిసార్టు మేనేజరుకు అప్పగించి, సుగుణమ్మ కార్డు, నా కార్డు తీసుకుని మిగతావి అతని అల్మరాలో పెట్టించాను. భూపాల్ రెడ్డి వరండాలో నిలబడి చూశాడు. ఆపలేదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని లోపలికి పోయాడు. ఎవరికి చేశాడో అప్పుడు ఆలోచించలేదు.

రేవులో బోటు నిండింది. టికెట్ కిటికీలో కూర్చున్నది మన తెలుగాయనే, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డ కుటుంబం. ఆమె ముఖం చూసి, "ఏటయ్యింది బావూ, ఆ యమ్మ అలాగుంది?" అన్నాడు. చెప్పాను. ఇంకేమీ అడగలేదు. లోపలికి వెళ్లి ఎవరితో మాట్లాడాడో, ఇద్దరికి చోటు చేశాడు. ఆయన పేరు అడగడం మరచిపోయాను.

బోటు ఎక్కేముందు నా ఫోన్ ఆమెకిచ్చాను. ఆమెకు నోటికి వచ్చిన నంబరు ఒక్కటే, కూతురిది. మిగతావన్నీ ఆ సంచిలో ఉన్న ఫోన్‌లో ఉన్నాయి. కూతురి నంబరు నొక్కింది. స్విచ్చాఫ్. మళ్లీ నొక్కింది. నేను మాణిక్ రెడ్డికి చేశాను.

"సార్, ఆమెను తీస్కొని బయల్దేరిన. రేపు మధ్యాహ్నం వరకు ఇంటికాడుంటం. అల్లునికి చెప్పండి. ఆయన నంబర్ గూడ పంపండి."

 "సరే" అన్నాడు.

"పిల్లకెట్లున్నది?"

"చూస్తున్నరు డాక్టర్లు."

నంబరు రాలేదు. బోటు కదిలాక సిగ్నల్ పోయింది.

నేను ఆ దారిన ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ఆ రోజంత నిలకడైన సముద్రాన్ని చూడలేదు. బోటులో ఒక్కరికి కూడా వాంతి రాలేదు. పెళ్లయిన కొత్త జంటలు ఫొటోలు తీసుకుంటున్నారు, లోపల పాటలు పెట్టారు. సుగుణమ్మ పసుపు టోపీ ఒళ్లో పెట్టుకుని, తడవ తడవకు దాని అంచు సరిచేస్తూ కూర్చుంది.

"ఉప్పు తక్వ తినుమన్న" అంది ఒకసారి. "ఉప్పు తోటి అయ్యేది గాదు గదన్న అది?"

 కాదని చెప్పాను.

పోర్ట్ బ్లెయిర్‌లో దిగాక మాణిక్ రెడ్డికి ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. పనిలో ఉన్నాడనుకున్నాను. ఆఫీసు నంబరుకు చేస్తే ఆ అమ్మాయి, "సార్ మాట్లాడిండు సార్, ఆళ్లకు అన్నీ చెప్పిండు" అంది. నా మనసు కుదుటపడింది. ఆ మాటే సుగుణమ్మకు చెప్పాను. బయలుదేరాక ఆమె మొదటిసారి ఒక ముద్ద అన్నం తిన్నది.

మర్నాడు ఎయిర్‌పోర్టులో తనిఖీ దగ్గర ఆమె సంచిలో నుంచి గవ్వలు తీశారు. అక్కడి నుంచి గవ్వలు, పగడాలు తేనివ్వరు. పుట్టబోయే బిడ్డ మొలతాడుకు కడదామని ఏరిందట. ఆమె వాదించలేదు. డబ్బాలో వాటిని తానే వేసి ముందుకు నడిచింది.

ఇల్లు

శంషాబాద్‌లో మా ఆఫీసు కారు వస్తుందనుకున్నాను. రాలేదు. అవతలివాళ్ల కారూ రాలేదు. భూపాల్ రెడ్డి భయపడినట్టు ఆమెను ఎత్తుకుపోవడానికి ఎవరూ లేరు. టాక్సీ మాట్లాడి బయలుదేరాం. మొయినాబాద్‌లో మా ఆఫీసు ముందు నుంచి పోతుంటే షట్టర్ దించి ఉంది. పట్టపగలు. టైర్ల షాపు తెరిచే ఉంది.  టాక్సీ ఆపమనలేదు. చేవెళ్ల దాటి లోపలి రోడ్డు పట్టేదాకా ఆమె కూతురి నంబరు నొక్కుతూనే ఉంది.

ఇంటి ముందు షామియానా విప్పుతున్నారు.

కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఆటోలో వేస్తున్నారు. వాకిట్లో నీళ్లు చల్లి ఉన్నాయి. టాక్సీ తలుపు తీసుకుని దిగిన సుగుణమ్మ అక్కడే నిలబడిపోయింది. అల్లుడు శ్రీశైలం, చందనవెల్లి ఫ్యాక్టరీలో పని చేసే పిల్లవాడు, తడి బట్టలతో అరుగు మీద కూర్చున్నాడు. ఆమెను చూసి లేచాడు. అతని ముఖంలో ఏడుపు కంటే ముందు ఆశ్చర్యం వచ్చింది. అది నేను మరచిపోలేను.

"అత్తా... ఎట్లొచ్చినవ్? సముద్రం బాగలేదన్నరు గద!"

"ఎవరన్నరు బిడ్డా?"

"ట్రావెల్సోళ్లు. నిన్న పొద్దుగాల చేస్తే తుఫానున్నది, బోట్లన్ని బంద్ అన్నరు. రాత్రి పాణం వొయినంక మల్ల చేసిన. నాలుగు దినాలదాక ఎవ్వరు రారు, కానియ్యుండ్రి అన్నరు. బాలింత శవం ఉంచొద్దని పెద్దమనుషులు గూడ అన్నరు. నువ్వు ఇయ్యాల వస్తవంటే ఆపుదుము గద అత్తా! ఐస్ డబ్బా గూడ తెచ్చిన. నువ్వొస్తవంటే ఆపుదుము!"

ఎవరో ఆమె భుజం పట్టుకున్నారు. ఆమె విడిపించుకుంది.

"సముద్రమా?" అంది. "గిన్నెల నీళ్ల లెక్క ఉండె బిడ్డా."

తర్వాత ఆమె ఏడ్చిన ఏడుపు గురించి రాయను. రాసే హక్కు నాకు లేదు. పుట్టిన బిడ్డ బతికింది, ఆడపిల్ల. అప్పటికి సిటీ ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉంది.

మాణిక్ రెడ్డి

ఆ సాయంత్రం మాణిక్ రెడ్డి ఇంటికి పోయాను. నన్ను చూడగానే ఆయన కుర్చీలో నుంచి లేచి మళ్లీ కూర్చున్నాడు.

"భూపాలన్న చెప్పమన్నడు, చెప్పిన. నువ్వు బయల్దేరక ముందుగాలనే చెప్పినం గద, సముద్రం బాగలేదని."

"నేను బయల్దేరి మీకు ఫోన్ చేసిన సార్. అప్పుడన్న చెప్పొచ్చు గద, వస్తున్నదని."

"ఎట్ల చెప్పాలె? నువ్వు బయల్దేరుతుంటెనే భూపాలన్న ఫోన్ చేసి, ఆళ్లకు చెప్పొద్దన్నడు. పొద్దుగాల తుఫాను అని, పగటీలి లేదంటే ఏమనుకుంటరు? ఒకపారి చెప్పిన మాట ఎనుకకు ఎట్ల తీస్కుంటం?"

"రాత్రి మల్ల చేస్తే నాలుగు దినాలన్నరు."

"అప్పటికే పిల్ల పోయింది యాదగిరీ. తొందరగ వచ్చినా, ఆలస్యంగ వచ్చినా పోయిన పిల్లనే గద చూసేది" అన్నాడు. అని, ఆ మాట తన చెవులకే వినపడి, తల వంచుకున్నాడు.

ఆయనను కొట్టాలనిపించింది. కొట్టలేదు. స్వీట్ల డబ్బా గుర్తొచ్చింది. ఖాళీ అయిన కార్డుల సంచి నడుము నుంచి విప్పి ఆయన బల్ల మీద పెట్టి బయటికి వచ్చాను. మళ్లీ ఆ షట్టర్ కింది నుంచి లోపలికి పోలేదు. నా ఉద్యోగం ముగిసింది అట్లా, శాలువా లేకుండా.

పనిలోకి వచ్చేవాళ్లకు

మీరు చాలా అబద్ధాలు చెప్పాల్సి వస్తుంది. గది చిన్నదైనా పెద్దదని చెబుతారు, ఆలస్యమైతే ఇదిగో వచ్చేశామంటారు. వాటిని నేను ఆపలేను. కానీ మనిషి పోయి చూడలేని చోటు గురించి, ఎదురు అడగలేని దాని గురించి అబద్ధం చెప్పకండి. దానికి మీరు హద్దు కట్టలేరు. మీరు టికెట్ కోసం చెప్పిన మాటను ఇంకొకడు శవం కోసం వాడుకుంటాడు. ఇంకొకటి, కబురు పంపాల్సి వస్తే మీ నోటితో మీరే చెప్పండి. వాళ్ల గొంతు మీ చెవిన పడేదాకా చెప్పినట్టు కాదు.

ట్యాగు కూడా వేయించండి, మంచిదే. దాని మీద ఆఫీసు నంబరు కాకుండా మీ నంబరు వేయించండి.

ఆ రోజు నేను సుగుణమ్మ ఇంటి వాకిట్లో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. పొమ్మని ఎవరూ అనలేదు, కూర్చోమని కూడా అనలేదు. టాక్సీ డ్రైవర్ రెండుసార్లు హారన్ కొట్టాడు. పోవడానికి తిరిగితే సుగుణమ్మ అరుగు మీద నుంచి పిలిచింది.

"అన్న."

దగ్గరికి పోయాను. పసుపు ట్యాగు ఇంకా ఆమె మెడలోనే ఉంది. బిళ్ల తిప్పి, దాని మీద ఉన్న అంకెలు వేలితో తడుముతూ చూసింది.

"మా అల్లుడు ఫోన్ చేసింది ఈ నంబర్‌కేనా?"

"అవు చెల్లె."

తల మీద నుంచి తాడు తీసింది. జడకు చిక్కుకుంటే నెమ్మదిగా విడదీసింది. నా చేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"పెట్టుకో అన్న" అంది. "మల్లెవరికన్న ఎయ్యాలె గద."